మాలకొండమ్మ చేతిలో గుడ్డు నిలవదు

గుడ్లమ్ముకునే మనిషికి ఉండకూడని జబ్బు ఒకటే ఒకటి. అది మాలకొండమ్మకు ఉంది. ఆమె చేతిలో గుడ్డు నిలవదు. ఉదయగిరిలో ఎవర్ని కదిలించినా ఈ మాటే చెప్పేవాళ్ళు. గంపలో అంత మందాన ఎండుగడ్డి పరిచి, గుడ్డుకూ గుడ్డుకూ మధ్య గుడ్డపీలిక దూర్చి, నెత్తిన పెట్టుకుని పెళ్ళికూతురిలా అడుగులో అడుగేసుకుంటూ వచ్చినా సరే, రోజుకు రెండు గుడ్లు చిట్లందే ఆ మనిషి ఇల్లు చేరేది కాదు. ఇంకొకరైతే ఎప్పుడో ఈ బేరం మానేసి కట్టెలమ్ముకునేవాళ్ళు. కట్టెలు కిందపడినా పగలవు కదా.

చెరువు కట్ట కింద గుడిసెల్లో ఆమె ఇల్లు. మొగుడు చెరువులో చేపలు పట్టేవాడు. చెరువు అడుగంటేసరికి వల చూరులో చెక్కి, బద్వేలు వైపు కూలికి పోయాడు. ఇక మిగిలింది ఆమె, పద్నాలుగు బాతులు. అందులో ఒక్కటే మగది. దాని పేరు తాసిల్దారు. ఎందుకమ్మా ఆ పేరు అంటే, "పొట్ట ముందుకేసుకుని తిరగతాది, అరస్తాది, ఒక్క పనీ చెయ్యదు. ఇంకేం పేరు పెట్టమంటావు?" అనేది.

యాభైఒకటీ, యాభైరెండూ. ఆ రెండేళ్ళూ వాన ఉదయగిరి కొండదాకా వచ్చి, దుర్గం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, అటునుంచటే పోయేది. చేలు బీళ్ళయ్యాయి. పశువుల్ని తోలుకుని జనం నీళ్ళున్న కింది ఊళ్ళకు వెళ్ళిపోయారు. పోస్టాఫీసు పక్కన పందిరేసి గంజి పోయడం మొదలుపెట్టారు. అలాంటి రోజుల్లో ఎవరైనా కాస్త నవ్వుతూ సరుకమ్ముకుంటారు. మాలకొండమ్మ వరస వేరు. ఆమె కేక వింటే కొనేవాడికి కూడా ప్రాణం మీద ఆశ పోయేది.

"ఆఖరు గుడ్లమ్మా! రేపు నేను వస్తానో రానో! ఆఖరు గుడ్లూ!"

మిలిటరీ హోటలు గోవిందయ్య ఆమెను ఆపి మాటలతో గిల్లేవాడు. "ఏం మాలకొండమ్మా, గుడ్లు మంచివేనా?"

"మంచియో చెడ్డియో నాకేం తెలుసు నాయనా? లోపలికి పోయి చూసొచ్చినానా? ఇష్టముంటే తీసుకో, లేకుంటే మానుకో."

"రేపు పది గుడ్లు కావాల."

"రేపటి మాట యాడిది? చెరువులో నీళ్ళు మోకాటిబంటి ఉండాయి. ఈ రేతిరికి బాతులుంటే బాతులుంటాయి, నేనుంటే నేనుంటా."

రెండేళ్ళుగా ఆమె రేపు రానంటూనే ఉంది, తెల్లారేసరికి వస్తూనే ఉంది. రేపు రానని ఇంత క్రమం తప్పకుండా వచ్చిన మనిషిని తానింకెక్కడా చూడలేదని గోవిందయ్య అందరికీ చెప్పేవాడు.

ఆమె కోసం కాకపోయినా, ఆమె గుడ్ల కోసం రోజూ దిగులుపడే మనిషి ఇంకొకాయన ఉన్నాడు. పెంచలనరసయ్య. చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసే మనిషి. కొండమీది నర్ది కర్ర ఆయన చేతికిస్తే దాన్ని గోరంత పలచగా, ముఖం కనబడేంత నున్నగా చెక్కి ఇచ్చేవాడు. తెల్లదొరలున్న రోజుల్లో ఆయన గరిటెలు నెల్లూరు దాటి మద్రాసుకు పోయేవి. దొరలు ఓడలెక్కారు. కరువొచ్చింది. గంజికి గరిటె ఎందుకు, ముంతెత్తి తాగేస్తే సరిపోతుందని జనం తెలుసుకున్నారు. ఆయన గరిటెలు చూరుకు వేలాడుతూ దుమ్ము పట్టాయి.

నరసయ్యకూ ఒక జబ్బుంది. ఊరకే ఏదిచ్చినా తీసుకోడు. గోవిందయ్య ఒకసారి గిన్నెడు పప్పు పంపిస్తే, గిన్నె తిరిగొచ్చింది, పప్పూ తిరిగొచ్చింది, పైన ఒక కొత్త గరిటె కూడా వచ్చింది. గంజి పందిరి వైపు ఆయన తలతిప్పి చూసేవాడు కాదు. అటు పోవలసొస్తే మసీదు చుట్టూ తిరిగి పోయేవాడు.

అలాంటి మనిషి ఇంట్లో భార్య దేవకమ్మ మంచం పట్టింది. విడవకుండా నెలన్నర జ్వరం. బస్సులో ఆత్మకూరుకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు ఆమె కళ్ళు చూసి, గోళ్ళు చూసి, నరసయ్యను బయటికి పిలిచాడు. "జ్వరం నేను దించినాను. బలం నువ్వు పెట్టాల. దినానికి రెండు గుడ్లు, తప్పకుండా. పెట్టకపోతే ఈ ఎండాకాలం గడిచేది కష్టం." తిరుగు బస్సులో దేవకమ్మ ఆయన భుజంమీద నిద్రపోతే, నరసయ్య మర్రిపాడు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఏడ్చాడు. పక్కన కూర్చున్నవాడికి దుమ్ము పడిందని చెప్పాడు.

మొదట కొన్నాళ్ళు గరిటెకు రెండు గుడ్లు లెక్కన మాలకొండమ్మ దగ్గర తీసుకున్నాడు. ఆమె కాదనలేదు. కానీ పద్నాలుగో గరిటె అందుకుంటూ, "బాతుకొకటి అయినాయన్నా. తాసిల్దారుకు కూడా వచ్చేసింది" అంది. నవ్వించాలనే అంది పాపం. నరసయ్యకు మాత్రం ఎక్కడో తగిలింది. అక్కరలేని సరుకు అంటగట్టి గుడ్లు తీసుకోవడం, చెయ్యి చాపడం రెండూ ఒకటేనని ఆ రోజుతో మానేశాడు.

మర్నాడు ఆమె వచ్చి రెండు గుడ్లు అరుగుమీద పెట్టింది.

"ఏందిది?"

"గుడ్లన్నా."

"గుడ్లని కనపడతానే ఉండాదిలే. ఎందుకని?"

"వదినకు పెట్టన్నా. ఊరికేలే."

"ఊరికే తీసుకునే కొంప కాదిది. ఎత్తుకో. ముందు ఎత్తుకో!"

ఆమె ఎత్తుకుని పోయింది. ఆ మర్నాడు మొదలైందండీ ఆ జబ్బు.

అరుగు ముందు గంప దించుతూనే మాలకొండమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యో, నా చేతులిరిగిపోనూ! రెండు గుడ్లు చిట్లినాయే! ఇంక నేను బతికేదెట్టా!"

నరసయ్య ఉలి పక్కనపెట్టి వచ్చి చూశాడు. నిజమే. రెండు గుడ్లకు పెంకు మీద చిన్న చీలిక. లోపలి పొర తెగలేదు, చుక్క కారలేదు.

"ఇంటికి పోయి వండుకో. దానికింత ఏడుపెందుకు?"

"ఎట్టా వండుకుంటానన్నా? చిట్లిన గుడ్డు కట్ట దాటి గూటికి పోతే బాతులు గుడ్లు మానేస్తాయి. మాకు శాస్త్రముండాది. పారేస్తామంటే పాపం. నువ్వు తీసుకుంటే నా బాతుల్ని కాపాడినోడివవుతావు."

ఇది వేరే సంగతి. ఇందులో తాను తీసుకునేది లేదు, చేసే ఉపకారమే ఉంది. నరసయ్య కొంచెంసేపు ఆలోచించి, గొంతు సవరించుకుని, పద్నాలుగు బాతుల ప్రాణాలు కాపాడటానికి ఒప్పుకున్నాడు. గంపలో గడ్డి ఎలా పరచాలో పావుగంట బోధ చేసి మరీ పంపించాడు. ఆమె అంతా విని తల ఊపింది.

ఆ రోజునుంచి రోజూ రెండు. సాకులు మాత్రం కొత్తవి. ఒకరోజు కుక్క అడ్డమొచ్చింది. ఒకరోజు తుమ్మొచ్చింది. ఒకరోజు నెల్లూరు బస్సువాడు హారను కొట్టాడు. ఆ రోజు బస్సు రాలేదు కదా అంటే, "నిన్న కొట్టిన హారనే అన్నా, దాని దడ ఇంకా పోలా" అంది. ఏ సాకూ దొరకని రోజు, "నీ ముఖం చూసి బెదిరినానన్నా" అనేది.

"నా ముఖానికేమొచ్చింది?"

"గడ్డం గీయించుకో, తెలస్తాది."

నరసయ్య వీధిలో ఎవరు కనబడినా ఆమె అజాగ్రత్త గురించి చెప్పేవాడు. "బాతులకున్న తెలివి ఈమెకు లేదు గోవిందయ్యా. దినామూ రెండు! నేను కాబట్టి తీసుకుంటా ఉండాను." గోవిందయ్య, "ఆమె చేతిలో గుడ్డు నిలవదు నరసయ్యా, అది పుట్టుక" అనేవాడు. లోపల మంచంమీద దేవకమ్మ ఉడికించిన గుడ్డు నమిలి మింగి, గోడవైపు తిరిగి పడుకునేది. నెల తిరిగేసరికి లేచి కూర్చుంది. ఇంకో పదిరోజులకు గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది.

ఈలోగా చెరువు ఇంకా తగ్గింది. బాతు పొడినేల మీద బతకదు. ఒకటొకటే చచ్చిపోయాయి. ముందు తాసిల్దారు పోయాడు. మాలకొండమ్మ వాడికోసం మొగుడు పోయినట్టు ఏడ్చింది. పద్నాలుగు కాస్తా ఆరయ్యాయి, గంపలో గుడ్లు ఐదుకొచ్చాయి. ఆమె ముఖం పీక్కుపోయింది. గంజి తాగుదామన్నా, ఊరంతా తిరిగి ఆమె పందిరి చేరేసరికి గంజి గుండిగలు కడిగేసి ఉండేవి. ఆ ఐదు గుడ్లలోనూ అరుగు ముందుకొచ్చేసరికి రెండు చిట్లేవి.

ఇది నరసయ్య గుండెను పట్టేసింది. ఐదింటిలో రెండు పోతే ఆ మనిషి ఏం తింటుంది? తన చేతిలో విద్య ఉండీ చూస్తూ ఊరుకోవడం తప్పనిపించింది. దాచుకున్న నర్ది మొద్దు బయటికి తీశాడు. పదిరోజులు కూర్చున్నాడు. బాతుగుడ్డు ఆకారానికి ఒకటొకటిగా పన్నెండు గుంటలు తొలిచి, ఆకురాయితో రుద్ది, మైనం పట్టించి గుడ్ల పలక ఒకటి చేశాడు. అందులో గుడ్డు పెడితే తల్లి ఒళ్ళో పిల్లలా కదలకుండా కూర్చునేది. దొరసానులకు కూడా ఆయన అంత మంచి పని చేసివ్వలేదు.

"ఇదిగో మాలకొండమ్మా. ఇంక ఈ జన్మలో నీ గుడ్డు చిట్లదు."

మాలకొండమ్మ పలక వంక చూసింది. ఆయన వంక చూసింది. తొలిసారి ఆమెకు మాట రాలేదు. పొగడటానికి మాటలు చాలక మూగబోయిందనుకుని నరసయ్య పొంగిపోయాడు.

"ఊరికే... ఎట్టా తీసుకునేదన్నా?" అంది చివరికి, నీరసంగా.

"నోరు మూసుకుని తీసుకో!"

మర్నాడు పలకలో ఐదు గుడ్లూ ముత్యాల్లా ఉన్నాయి. మాలకొండమ్మ అరుగు ముందు నిలబడింది. కుక్క పోయింది, తుమ్ము రాలేదు, బస్సు హారను కొట్టింది. వీధిలో అందరూ చూస్తున్నారు. "చూసినారా నా పని!" అని నరసయ్య అందరికీ చూపించాడు. ఆమె రెండడుగులు పోయి, వెనక్కి తిరిగి చూసి, ఇంకో రెండడుగులు పోయి, అలా వీధి చివరిదాకా పోయింది.

ఆ రోజు దేవకమ్మ కంచంలో జొన్నసంకటి తప్ప ఏమీ లేదు. మర్నాడూ లేదు. మూడోరోజు ఆమె గడప దాకా రాలేక మంచంమీదే ఉండిపోయింది.

"పని బాగుండాది" అంది మెల్లగా. "ఇంక గుడ్లు చిట్లవులే."

నరసయ్యకు అప్పుడు వెలిగింది తాను ఏం చేశాడో. ఆమె గుడ్లు నిలబెట్టబోయి తన ఇంట్లో గుడ్లు లేకుండా చేసుకున్నాడు. అయినా ఆ పని తప్పని ఎలా అనుకుంటాడు? ఇంకొకరి నష్టంతో తన పెళ్ళాన్ని బతికించుకుంటానని ఎలా అంటాడు? ఆ రాత్రంతా దేవకమ్మ ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు.

నాలుగోరోజు పొద్దున్నే వీధి మొదట్లోనే కేక వినబడింది. "యాడుండాడు ఆ నరసయ్య! బయటికి రమ్మను! పని చేతగాని మనిషి పలకలెందుకు చెయ్యాల?"

నలభై ఏళ్ళలో నరసయ్య పనిని ఎవరూ అలా అనలేదు. తువాలు విదిలించుకుంటూ అరుగు దిగాడు. గోవిందయ్య గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. పలకలో రెండు గుడ్లు చిట్లి ఉన్నాయి.

"రెండు గుంటలు ఇరుకు! గుడ్డు పట్టక చిట్లిపొయినాయి! ఇదేనా నీ పనితనం?" మాలకొండమ్మ చేతులు తిప్పుతూ అరిచింది.

"ఇరుకా? నేను చేసిన గుంట ఇరుకా? పిచ్చిదానా, కొలిచి చూపిస్తానుండు!"

లోపలినుంచి కంపాసు తెచ్చాడు. గుంట కొలిచాడు, గుడ్డు కొలిచాడు. మంచి గుడ్డొకటి తీసుకుని ఆమె చూపించిన గుంటలోనే వేశాడు. హాయిగా కూర్చుంది. కోపంలో దాన్నే గుంట అంచుకేసి ఠక్కున కొట్టాడు. చిట్లలేదు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు. చిట్లలేదు. బాతుగుడ్డు పెంకు మరి, కోడిగుడ్డులా సున్నితం కాదు.

నరసయ్య చెయ్యి ఆగింది. చిట్లిన గుడ్డు తీసి ఎండకు పట్టి చూశాడు. లావుపాటి కొనమీద గవ్వంత సొట్ట, దాని చుట్టూ నాలుగు గీతలు. నలభై ఏళ్ళుగా ఉలి దెబ్బలూ బాడిస దెబ్బలూ చూసిన కన్నది. ఇది పడిన దెబ్బ కాదు. ఎవరో కొలిచి, లోపలి పొర తెగకుండా కొట్టిన దెబ్బ. మాలకొండమ్మ కుడిచేతికి ఇత్తడి ఉంగరం ఉంది. ఆమె ఆ చేతిని కొంగులోకి లాక్కుంది.

"చిట్లితే చిట్లినాయిలేమ్మే" అంది కట్టెలమోపుతో అటుగా పోతూ ఆగిన మస్తానమ్మ, మాలకొండమ్మ పక్క గుడిసె మనిషి. "ఇంటికి తీసుకుపోయి పులుసు పెట్టుకో."

"గూటికి పోగూడదంట కదా? శాస్త్రం?" అన్నాడు నరసయ్య.

"ఏం శాస్త్రం? మేం తినేదే చిట్లినవి!"

మాలకొండమ్మ మస్తానమ్మ వంక చూసిన చూపుకు ఆ మోపులో కట్టెలు అంటుకోలేదంటే అవి పచ్చివని అర్థం. లోపల దేవకమ్మ దగ్గింది. చాలాసేపు దగ్గింది. వీధంతా విన్నారు.

"ఏంది నరసయ్యా, మాట్లాడవు?" అన్నాడు గోవిందయ్య. "తప్పెవరిది? గుంటదా, ఆమెదా?"

నరసయ్య కంపాసు మడిచాడు. నలభై ఏళ్ళ పేరు ఒకవైపు, ఆ దగ్గు ఒకవైపు. ఎదురుగా పీక్కుపోయిన ముఖంతో, దొంగలా కొంగులో చెయ్యి దాచుకుని ఒక ఆడమనిషి.

"నాదే" అన్నాడు. "రెండు గుంటలు ఇరుకైనాయి. కొలత తప్పినాను."

నరసయ్య రెండు గుడ్లూ తీసుకుని, పలక చంకన పెట్టుకుని లోపలికి పోయాడు. "సరిచేసి రేపిస్తా" అన్నాడు వెనక్కి తిరగకుండా. ఆమె మిగిలిన మూడు గుడ్లూ కొంగులో కట్టుకుని పోయింది.

లోపల దేవకమ్మ మంచంమీదినుంచే అంది: "ఇప్పటికి తెలిసిందా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండో దినమే. ఈ వీధిలో అరుగుమీద కూర్చోమన్నది మనమొక్కరమే ఆమెను, అందుకే మన అరుగు ముందే చిట్లతా ఉండాయి. నీకు చెప్తే గుడ్లు వెనక్కి పంపిస్తావని గోడవైపు తిరిగినాను."

మర్నాడు తెల్లవారుతూనే పోస్టాఫీసు పక్క పందిరి కింద ఉన్నవాళ్ళు ఒక వింత చూశారు. పెంచలనరసయ్య రాగిచెంబు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. తల ఎత్తలేదు. కానీ నిలబడ్డాడు. గంజి పోయించుకుని ఇంటికొచ్చాడు.

మాలకొండమ్మ కేక వేయకుండానే వచ్చింది. అరుగు పక్కన నిలబడింది. నరసయ్య ఆమె చేతికి పలక ఇచ్చాడు. ఆమె గుంటల్లో వేలు పెట్టి తడిమి చూసింది. పది గుంటలు నున్నగా ఉన్నాయి. మూలనున్న రెండిటి అడుగున మాత్రం చెక్క మేకు దిగ్గొట్టి ఉంది, పైకి చిన్న బొడిపెలా పొడుచుకొచ్చింది. ఎంత గట్టి పెంకైనా సరే, నెత్తిమీద నాలుగు వీధులు మోస్తే చిట్లి తీరవలసిందే.

ఆమె ఆ బొడిపెమీద వేలు అలాగే ఉంచింది.

"నీ పనితనం పడిపోయినట్టుండాదన్నా" అంది.

"అవును. కొలతలు తప్పతా ఉండాయి" అన్నాడు నరసయ్య, ఎటో చూస్తూ. "గంజి కూడా ఎక్కువ పోయించుకొచ్చినా. ఇద్దరం తాగలేం. పారబోస్తే పాపం. కూర్చుని తాగి పో."

మాలకొండమ్మ అరుగుమీద కూర్చుని ముంత ఎత్తి గంజి తాగింది. తాగి, మూతి తుడుచుకుని, "రేపు నేను వస్తానో రానో" అంది.

"రాకపోతే గంజి పులిసిపోతాది. కొలత నాకిప్పట్లో కుదిరేటట్టు లేదు."

ఆషాఢం చివర్లో కొండమీద ఉరిమింది. ఈసారి వాన ప్రదక్షిణ చేయకుండా లోపలికొచ్చింది. చెరువు నిండకపోయినా బాతులు మునిగేంత నీళ్ళు చేరాయి. మాలకొండమ్మ ఆత్మకూరు నుంచి ఎనిమిది బాతుగుడ్లు తెచ్చి గోవిందయ్య కోడి కింద పొదగేసింది. అందులోంచి కొత్త తాసిల్దారు వచ్చాడు. దేవకమ్మ తానే వాకిలి ఊడ్చుకోవడం మొదలుపెట్టిన రోజు, నరసయ్య ఉలి తీసుకుని అరుగుమీదికొచ్చాడు.

"ఇట్టా తే మాలకొండమ్మా. ఆ రెండు మేకులూ పీకేస్తా. ఇంక వాటితో పనేముండాది?"

ఆమె పలకను చంకలోకి లాక్కుంది. "ఉండనీ అన్నా. అలవాటైన చేతులు, ఉన్నట్టుండి మంచిగా ఉండమంటే ఉంటాయా?"

తర్వాతి వారం గోవిందయ్య కబురు మోసుకొచ్చాడు. మాలకొండమ్మ గుడ్లు ఇప్పుడు పెద్దమసీదు వీధిలో చిట్లుతున్నాయట, రోజుకు రెండు, ఎవరో బాలింత ఇంటి ముందు.

"నేను చెప్పలా నరసయ్యా? ఆమె చేతిలో గుడ్డు నిలవదు."

"నిలవదు గోవిందయ్యా" అన్నాడు నరసయ్య, గరిటెను ఎండకు పట్టి చూసుకుంటూ. "అది పుట్టుక."